1999–2006 హార్లీ సెకండ్‌హ్యాండ్‌లో కొంటున్నారా? ముందు క్యామ్ కవర్ విప్పించండి

అమెరికాలో పాత క్రూజర్ బైకు కోసం వెతుకుతున్న మనవాళ్లకి ఒక హెచ్చరిక. క్రోమ్ తళతళలాడుతోంది, తిరిగింది 30,000 మైళ్లే అనగానే ట్విన్ క్యామ్ 88 ఇంజన్ ఉన్న హార్లీకి అడ్వాన్స్ ఇచ్చేయకండి. కొన్నవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. 2003 బండైతే కంపెనీ వందేళ్ల పండగ బ్యాడ్జి చూపించి ఇంకాస్త లాగుతారు. బ్యాడ్జి కొత్తదే గానీ దాని కింద ఉన్నది అదే ఇంజన్.

ఇందులో ఇంజన్ వాల్వులు తెరుచుకునేలా చేసే రెండు క్యామ్‌షాఫ్టులు, వాటిని తిప్పే రెండు చైన్లు ఉంటాయి. చైన్లు వదులవకుండా స్ప్రింగుతో నొక్కిపట్టేవి రెండు ప్లాస్టిక్ షూలున్న టెన్షనర్లు. స్ప్రింగు ఒత్తిడి ఎక్కువ, పైగా పాత రకం చైను అంచులు పదును. కోరాము కొబ్బరిని కోరినట్టు షూని గీకుతూనే ఉంటాయి. రాలిన ప్లాస్టిక్ ఆయిల్‌తో పాటు పంపులోకి పోయి గీతలు పెడుతుంది. క్యామ్‌లని పట్టి ఉంచే ప్లేటులో, ఎక్కువైన ఆయిల్ ప్రెషర్ని వదిలే రిలీఫ్ వాల్వ్ దగ్గర ముక్క ఇరుక్కుంటే ఆయిల్ ప్రెషర్ పడిపోతుంది. అప్పటిదాకా ఇంజన్ సుబ్బరంగా నడుస్తుంది. చప్పుడు విని కనిపెడదామంటే కుదరదు.

కవర్ విప్పితే బయటి షూ కనబడుతుంది. లోపలిది క్యామ్ ప్లేటు వెనక ఉంటుంది. దాన్ని చూడాలంటే క్యామ్‌ల నుంచి వాల్వుల దాకా వెళ్లే పుష్‌రాడ్లు తీసి ప్లేటు ఊడదీయాలి. "టెన్షనర్ మార్పించాం" అని అమ్మేవాడు చూపించే బిల్లులో చాలాసార్లు ఉండేది బయటిదే. లోపలి, బయటి రెండూ అని రాసి ఉందో లేదో చూడండి. బిల్లే లేకపోతే ఆయిల్ ఫిల్టర్ మార్పించి, పాతదాన్ని కోసి మడతల్లో ప్లాస్టిక్ పొట్టు ఉందేమో వెతకండి. పొట్టు లేనంత మాత్రాన షూ బాగున్నట్టు కాదు. ఉంటే మాత్రం బేరం అక్కడితో ఆపేయండి.

స్ప్రింగు బదులు ఆయిల్ ప్రెషర్‌తో నొక్కే హైడ్రాలిక్ టెన్షనర్ల ప్లేటు, రోలర్ చైన్లు వేయించిన బండి మేలు. క్యామ్‌ల లోపలి బేరింగులు కూడా అప్పుడే మార్చారా అని అడగండి. చైన్ల బదులు గేర్ డ్రైవ్ వేయించామంటే క్రాంక్ రనౌట్, అంటే క్రాంక్‌షాఫ్ట్ తిరిగేటప్పుడు ఊగే కొలత, ఎంత వచ్చిందో చెప్పమనండి. 0.003 అంగుళాలు దాటితే గేర్లు వేయకూడదు.

ఏ ఏడాది మోడలో ఫ్రేము మీద ఉండే విన్ (బండి గుర్తింపు) నంబర్లో పదో అక్షరం చెబుతుంది: ఎక్స్ అంటే 1999, వై అంటే 2000, ఆ తర్వాత 1 నుంచి 6 వరకూ 2001–2006. వీటిలో 2006 డైనా మోడల్ ఒక్కదానికే కంపెనీ నుంచే హైడ్రాలిక్ వచ్చింది. మిగతా బిగ్ ట్విన్లకి, అంటే హార్లీ పెద్ద ఇంజన్ బళ్లకి, 2007లో. హార్లీ చిన్న బండి స్పోర్ట్‌స్టర్ క్యామ్‌లు గేర్లతో తిరుగుతాయి, ఈ గొడవ లేదు.

అమ్మేవాడు "ఇది అసలైన అమెరికన్ బండి" అని మొదలెడితే నవ్వి ఊరుకోండి. ఆ రోజుల హార్లీల్లో కార్బురేటర్ కీహిన్, ఫోర్కులు షోవా, రెండూ జపాన్ కంపెనీలే. జపాన్ కంపెనీ హోండా క్రూజర్ షాడో 1100 తయారైందేమో అమెరికాలో, ఒహాయోలోని మేరీస్‌విల్‌లో.

అలాగని జపాన్ బండైతే నిశ్చింత అనుకోవద్దు. షాఫ్ట్ డ్రైవ్ (చైను బదులు కడ్డీతో చక్రం తిరిగే) షాడోల్లో వెనక చక్రం విప్పించి, చక్రాన్ని షాఫ్టుతో కలిపే స్ప్లైన్ పళ్లు చూడండి. పళ్ల తల చదునుగా ఉండాలి, మొనదేలి ఉంటే అరిగిపోయినట్టే. టైరు మార్చినప్పుడల్లా అక్కడ మాలీ పేస్టు (మాలిబ్డినం కలిపిన గ్రీజు లాంటిది) పూయాలి. చాలా షాపుల్లో ఆ పని ఎగ్గొడతారు.

1981–83 యమహా విరాగోలకి స్టార్టర్ జబ్బు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లి సెల్ఫ్ నొక్కండి. గరగరమని పళ్లు కొరికినట్టు వినిపిస్తే వదిలేయండి. మీరు వెళ్లేసరికే ఇంజన్ వేడిగా ఉంటే, చల్లారేదాకా ఆగండి. ఇక విరాగో 700 అంటే, 700 సీసీ దాటిన దిగుమతి బైకుల మీద 1983లో రీగన్ ప్రభుత్వం హార్లీ కోసం వేసిన 45 శాతం అదనపు సుంకం తప్పించుకోవడానికి 699 సీసీకి కుదించిన బండి. సిలిండర్ బోరు 80.2 మి.మీ., 750దేమో 83. "750 పిస్టన్లు సరిపోతాయి" అంటే నమ్మకండి.