పాత స్పోర్ట్స్ కారు విలువ కట్టించుకునేవారికీ, ప్రకటన చూసి కొనబోయేవారికీ జాగ్రత్త హెచ్చరిక

మా పాత కారుకు విలువ కట్టి తానే కొనుక్కుపోయిన ఈ పెద్దమనిషి ఎవరో హైదరాబాదులో పాత కార్లతో పరిచయం ఉన్నవారికి చెప్పనక్కరలేదు. పేరు రాయడం లేదు, రాయకపోయినా చాలామంది పోల్చుకుంటారు. మా నాన్నగారు మద్రాసులో ఉద్యోగం చేసే రోజుల్లో ఒక విదేశీ అధికారి దగ్గర కొన్న 1965 నాటి ఎం.జి.బి. రోడ్‌స్టర్‌ను (పైకప్పు తీసేయగల బ్రిటిష్ స్పోర్ట్స్ కారు), ఆయన పోయిన తరువాత అమ్మ, చెల్లెలు సమ్మతించిన మీదట, చనిపోయినవారి బండిని వారసుల పేరుకు మార్చే ఫారం 31 ద్వారా నా పేరుకు మార్పించుకున్నాను. విలువ కట్టమని ఈయనను పిలిచాను. అందుకు రుసుము కూడా పుచ్చుకున్నారు. అంటే, నా కారు విలువ తగ్గించడానికి నేనే ఆయనకు కూలి ఇచ్చానన్నమాట.

తలుపుల కింద ఉండే సిల్స్ మీద అయస్కాంతం పెట్టి, అది అంటుకోని చోట లోపల తుప్పును కప్పిన పుట్టీ ఉందని చూపించారు. అది నిజమే. ఎం.జి.బి.కి విడిగా చాసిస్ (అడుగు చట్రం) ఉండదు, బాడీయే కారుకు బలం కాబట్టి అక్కడ తుప్పు ఉంటే ఖర్చు పెద్దదే. దానికి ఎంత తగ్గించినా నేను మాట్లాడేవాణ్ణి కాదు. ఆ తరువాత బానెట్ ఎత్తి, ఇంజిన్ నంబరు పలక మీద ఇంజిన్ రకాన్ని తెలిపే 18జీబీ అనే అక్షరాలు చూసి, పెదవి విరిచి, "సార్, ఎం.జి.బి.కి పుట్టుకతో వచ్చేది మూడు బేరింగుల ఇంజిను. ఇది అయిదు బేరింగులది. ఎవరో మధ్యలో మార్చేశారు" అన్నారు. (ఇంజిన్ లోపల తిరిగే ఇరుసును పట్టి ఉంచేవే ఈ బేరింగులు.) 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండికి వీఏ సిరీస్‌లో వింటేజ్ రిజిస్ట్రేషన్ రావాలంటే చాసిస్‌లో గానీ, బాడీలో గానీ, ఇంజిన్‌లో గానీ పెద్ద మార్పులు జరిగి ఉండకూడదని, మా కారుకు అది రానే రాదని, అందువల్ల నిజమైన సేకరణకర్త ఎవరూ దీన్ని ముట్టరని వివరించారు. నిబంధన సరిగానే చెప్పారు. చివరికి ఆరున్నర లక్షలు విలువ కట్టి, అంత పెట్టి కొనేవారు కూడా దొరకరు గనుక, మా మీద అభిమానంతో తానే తీసుకుంటానన్నారు. కాఫీ తెచ్చిన అమ్మ ఇంకొంచెం చూడమని అడిగితే, "అమ్మా, జ్ఞాపకాలకు రేటు కట్టలేమమ్మా" అని నవ్వారు. ఆ నవ్వు నాకింకా కళ్లముందే ఉంది.

మొన్న ఒక మిత్రుడు పంపిన అమ్మకం ప్రకటనలో మా కారు కనిపించింది. ధర 19 లక్షలు. సిల్స్ బాగుచేసినట్లు ఎక్కడా లేదు. అదే ఇంజిన్ నంబరు పలకను దగ్గరగా ఫొటో తీసి, "కారుతో పుట్టిన అసలైన అయిదు బేరింగుల ఇంజిన్, వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు పూర్తి అర్హత" అని రాశారు. అప్పుడు కూర్చుని చదివితే తెలిసింది: ఎం.జి.బి. 1962లో మూడు బేరింగుల ఇంజిన్‌తోనే వచ్చింది గానీ, 1964 అక్టోబరు నుంచి కర్మాగారమే అయిదు బేరింగుల 18జీబీ ఇంజిన్ బిగించడం మొదలుపెట్టింది. 1965లో తయారైన కారులో అది ఉండడమే సహజం, లేకపోతేనే అనుమానించాలి. ఈ సంగతి ఆయనకు తెలియదని మీలో ఎవరైనా నమ్మగలరా?

ఫోను చేశాను. తడబడతారనో, కనీసం అబద్ధమైనా ఆడతారనో అనుకున్నాను. ఆయన ఏ మాత్రం తొణక్కుండా, "అప్పుడు నేను కొనేవాణ్ణి సార్, ఇప్పుడు అమ్మేవాణ్ణి" అన్నారు. మరి విలువ కట్టడానికి రుసుము పుచ్చుకున్నది ఎవరని అడిగితే, మర్యాదగా మాట్లాడమని నాకే బుద్ధి చెప్పి ఫోను పెట్టేశారు. పోయిన డబ్బు కన్నా ఆ మాటే నన్ను ఎక్కువగా మండిస్తోంది. రుసుము ఇచ్చిన మనిషికి నిజం చెప్పవలసిన వాడే కొనుగోలుదారుగా మారి, తన నోటితో కట్టిన విలువకే సరుకు తీసుకుపోవడాన్ని వ్యాపార దక్షత అంటారట!

ఇంతకన్నా భయపెట్టే విషయం ఇంకొకటి ఉంది. బండిని కొన్నవారి పేరుకు మార్చే ఫారం 29, ఫారం 30ల మీద కొనేవారి పేరు ఖాళీగా ఉంచి నా సంతకాలు తీసుకున్నారు, "పార్టీ దొరకగానే నింపుతాం" అని. ఆర్.సి. ఇప్పటికీ నా పేరు మీదే ఉంది. రికార్డులో పేరున్న వ్యక్తే ప్రమాద పరిహారానికి బాధ్యుడని సుప్రీంకోర్టు 2018లో స్పష్టంగా చెప్పింది. కాబట్టి ఆ బండిని రేపు ఎవరు ఎక్కడ గుద్దినా నోటీసు మా గుమ్మానికే వస్తుంది.

అమ్మదలచుకున్నవారు విలువ కట్టే మనిషికి ఆ బండి అమ్మవద్దు, ముందే కాగితం మీద ఆ షరతు రాయించుకోండి. ఇంజిన్ అసలుదా కాదా అన్నది ఎవరి నోటి మాటగానూ నమ్మనక్కరలేదు. ఇంగ్లండులో గేడన్‌లో ఉన్న బ్రిటిష్ మోటార్ మ్యూజియం రుసుము తీసుకుని కర్మాగారపు రికార్డుల నుంచి ధ్రువపత్రం ఇస్తుంది, తయారైన తేదీ, రంగు, ఇంజిన్ నంబరు అందులో ఉంటాయి. డీలరుకు బండి అప్పగిస్తే, 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఫారం 29సీ ద్వారా రవాణా శాఖకు తెలియజేయండి. ఆ డీలరుకు అధికార పత్రం ఉందో లేదో అప్పుడే బయటపడుతుంది. ఆ ప్రకటన చూసి ఫోను చేయబోతున్నవారు మాత్రం, సిల్స్ మీద అయస్కాంతం పెట్టి చూడకుండా, ఆర్.సి. ఎవరి పేరు మీద ఉందో అడగకుండా బయానా ఇవ్వకండి.