కొత్త కెమెరా చేతికొచ్చింది, ముందు ఏ మోడ్ నేర్చుకోవాలి?

కెమెరా కొన్న వాళ్లెవరైనా మొదటి పది రోజుల్లో నన్ను అడిగే ప్రశ్న ఇదే. ఆటోలో తీస్తే ఫోన్‌తో తీసినట్టే ఉంటున్నాయి, మాన్యువల్‌లో పెడితే సగం ఫొటోలు నల్లగా, సగం తెల్లగా వస్తున్నాయి, ఇప్పుడేం చేయమంటావు అని. పోయిన నెల మా తమ్ముడు కూడా ఒక చిన్న మిర్రర్‌లెస్ కెమెరా కొని ఇదే అడిగాడు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు ఒకచోట రాసి పెడదామనిపించింది. అపెర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం ఎంత తెరుచుకుంటుందో), షట్టర్ స్పీడ్ (వెలుగు ఎంతసేపు లోపలికొస్తుందో), ఐఎస్ఓ (ఆ వెలుగుని కెమెరా ఎంత పెంచి చూపిస్తుందో) గురించి మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది కాబట్టి అక్కడి నుంచి మొదలుపెట్టను.

ముందు ఒక మాట. ఏ మోడ్‌లో తీస్తే ఫొటో బాగా వస్తుంది అని చాలామంది అడుగుతారు, కానీ మీరు డయల్ ఎక్కడ పెట్టారో సెన్సర్‌కి అనవసరం. అపెర్చర్ ఎఫ్ 4, షట్టర్ 1/250 సెకను, ఐఎస్ఓ 400 దగ్గర తీసిన ఫొటో, ఆ అంకెలు కెమెరా ఎంచుకున్నా మీరు ఎంచుకున్నా ఒకేలా ఉంటుంది. అందుకే నేను చూసేది ఇంకొకటి. ఫొటో చెడిపోయినప్పుడు అది ఎందుకు చెడిపోయిందో మీ అంతట మీరు చెప్పగలుగుతున్నారా? చెప్పగలిగితే రేపు సరిచేసుకుంటారు. చెప్పలేకపోతే వెయ్యి ఫొటోలు తీసినా మొదటి రోజు ఎక్కడ ఉన్నారో అక్కడే ఉంటారు. కొత్తగా నేర్చుకునేవాళ్లకి మోడ్‌ని తూచాల్సింది ఈ ఒక్క తూకంతోనే అని నా గట్టి నమ్మకం.

ఆ లెక్కన ఆటో తేలిపోతుంది. అన్నీ అదే మార్చేస్తుంది, ఫోకస్ ఎక్కడ పెట్టాలో కూడా చాలాసార్లు అదే నిర్ణయిస్తుంది. మనిషి ముఖం బదులు ముందున్న కొమ్మ మీద ఫోకస్ పడితే అది ఎవరి తప్పో మీకు అర్థం కాదు. చాలా కెమెరాల్లో ఆకుపచ్చ ఆటోలో ఉన్నప్పుడు వెలుగు పెంచే తగ్గించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ కూడా పనిచేయదు. అయినా మొదటి రెండు మూడు రోజులు ఆటోలో తీయడంలో తప్పేమీ లేదు, కెమెరా పట్టుకోవడం, షట్టర్ బటన్ సగం నొక్కి ఫోకస్ చేయడం చేతికి అలవాటవుతాయి. కాకపోతే ప్రతి ఫొటో తీశాక కెమెరా ఏ అంకెలు ఎంచుకుందో వెనక తెరమీద చూడండి. ఆ అలవాటు ఒక్కటి వస్తే ఆ మూడు రోజులూ వృథా కాలేదన్నమాట.

ఇక మాన్యువల్ సంగతి. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే కొత్తవాళ్లని ఎక్కువగా తిప్పలు పెట్టేది ఇదే. మాన్యువల్‌లో తీస్తేనే అసలైన ఫొటోగ్రఫీ, మిగతావన్నీ దొడ్డిదారులు అని ఎవరో ఒకరు చెప్తారు. నేనూ అదే నమ్మి మొదటి రెండు నెలలు డయల్‌ని ‘ఎం’ మీద నుంచి కదపలేదు. ఒకసారి మా ఇంట్లో పిల్లల పుట్టినరోజుకి ఫొటోలు నేనే తీస్తానని ఒప్పుకున్నాను. పిల్లలు కిటికీ దగ్గర ఉంటే ఒక వెలుగు, గది మూలకి పరిగెడితే ఇంకో వెలుగు. నేను చక్రం తిప్పి, వెలుగు సరిపోయిందో లేదో చూపించే మీటర్ గీతని సున్నా దగ్గరికి తెచ్చేసరికి పిల్ల ముఖంలో నవ్వు పోయేది. ఆ రోజు ఫొటోల్లో పనికొచ్చినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నాకు ఇప్పటికీ అది బాధగానే ఉంటుంది, ఎందుకంటే ఆ రోజు మళ్లీ రాదు కదా.

కానీ అంతకన్నా పెద్ద విషయం నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. నేను మాన్యువల్‌లో చేస్తున్న పని ఏమిటి? మీటర్ గీత సున్నాకి వచ్చేదాకా చక్రం తిప్పడం. ఆ మీటర్ కెమెరాదే, ఆటోలో కెమెరా చూసుకునేదీ ఆ మీటర్‌నే. అంటే కెమెరా క్షణంలో చేసే పనిని నేను చేత్తో ఐదు సెకన్లలో చేస్తున్నాను, అంతే. పైగా అది చేసే తప్పులన్నీ నేనూ చేస్తున్నాను. మీటర్‌కి ఎదురుగా ఉన్నది తెల్ల గోడో నల్ల కుక్కో తెలియదు. ఏది చూపించినా మధ్యస్థపు బూడిద రంగు వెలుగుకి తేవాలని చూస్తుంది, అందుకే తెల్ల గోడ మురికిగా, నల్ల కుక్క వెలిసిపోయినట్టుగా వస్తాయి. గీతని సున్నాకి తెచ్చి మాన్యువల్‌లో తీసినా అదే తప్పు అలాగే వస్తుంది. తప్పు ఎక్కడుందో వెతుకుదామంటే మూడు అంకెలూ నేనే మార్చాను, ఏది ఏం చేసిందో ఎలా తెలుస్తుంది?

ఆటోలో అన్నీ కెమెరా మారుస్తుంది కాబట్టి కారణం దొరకదు, మాన్యువల్‌లో అన్నీ మనమే మారుస్తాం కాబట్టి కారణం దొరకదు. కొత్తవాళ్ల దగ్గరికొచ్చేసరికి ఈ రెండూ దూరం నుంచి కనిపించేంత వేరేమీ కాదు.

అందుకే నేను ఎవరికైనా అపెర్చర్ ప్రయారిటీతో మొదలుపెట్టమనే చెప్తాను. నికాన్, సోనీ డయల్స్ మీద ‘ఏ’ అని, కానన్ మీద ‘ఏవీ’ అని ఉంటుంది. ఇందులో మీరు అపెర్చర్ ఒక్కటి పెడతారు, షట్టర్ స్పీడ్ కెమెరా చూసుకుంటుంది. ఒక్కటే మారుస్తున్నారు కాబట్టి ఫొటోలో ఏం మారినా దానికి కారణం మీకు తెలుసు.

నమ్మకం లేకపోతే ఒక సాయంత్రం ఇది చేసి చూడండి. ఐఎస్ఓ ఒకచోట స్థిరంగా పెట్టేసి, కిటికీ దగ్గర ఒక కప్పు పెట్టి, దాని వెనక గది అంతా కనపడేలా కూర్చుని అపెర్చర్‌ని ఒక్కో మెట్టు మార్చండి. ఎఫ్ 2.8, 4, 5.6, 8, 11. అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది, వెనక బ్లర్ తగ్గుతుంది. 2.8 దగ్గర 1/500 చూపిస్తే 4 దగ్గర 1/250, 5.6 దగ్గర 1/125, 8 దగ్గర 1/60 అవుతుంది. ప్రతి మెట్టుకీ లోపలికొచ్చే వెలుగు సగమవుతుంది, దాన్ని పూడ్చడానికి కెమెరా షట్టర్‌ని రెట్టింపు సేపు తెరుస్తుంది. అపెర్చర్, షట్టర్, ఐఎస్ఓల సంబంధం గురించి పుస్తకంలో త్రిభుజం బొమ్మ గీసి చెప్పేది ఇదే, కాకపోతే ఇక్కడ మీ వేలితో తిప్పి కళ్లతో చూస్తారు, ఇక మర్చిపోరు. మీ దగ్గర కెమెరాతోపాటు వచ్చిన 18-55 మి.మీ. కిట్ లెన్స్ ఉంటే, పూర్తిగా జూమ్ చేసిన 55 దగ్గర అది సాధారణంగా ఎఫ్ 5.6 కన్నా ఎక్కువ తెరుచుకోదు, వెనక బ్లర్ తక్కువగా వస్తుంది. దానికి నిరాశ పడి వెంటనే కొత్త లెన్స్ కోసం వెతకొద్దు. కప్పుకి ఇంకా దగ్గరికి జరగండి, వెనకున్న గోడ కప్పుకి దూరంగా ఉండేలా చూసుకోండి, బ్లర్ ఎంత పెరుగుతుందో మీకే ఆశ్చర్యమేస్తుంది.

దీనికి తోడు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ నేర్చుకుంటే చాలు, పైన చెప్పిన తెల్ల గోడ, నల్ల కుక్క గొడవ తీరిపోతుంది. తెల్లటివి ఎక్కువగా ఉంటే ప్లస్ 1, నల్లటివి ఎక్కువగా ఉంటే మైనస్ 1, కిటికీకి వీపు పెట్టి నిలబడ్డ మనిషిని తీస్తుంటే ప్లస్ 1 నుంచి ప్లస్ 2 దాకా. మిర్రర్‌లెస్ అయితే తిప్పుతుండగానే తెరమీద తేడా కనిపిస్తుంది. నా దృష్టిలో ఈ చిన్న ప్లస్ మైనస్ బటనే కెమెరా మీద అన్నిటికన్నా విలువైనది, ఎందుకంటే మీటర్ చెప్పింది వినడం మానేసి మీ కంటిని నమ్మడం ఇక్కడే మొదలవుతుంది.

అపెర్చర్ ప్రయారిటీలో లోపం లేదని అనను. ఒకటుంది, అదీ చిన్నది కాదు. సాయంత్రం ఇంట్లో లైట్ల కింద తీస్తుంటే షట్టర్ స్పీడ్ చప్పుడు చేయకుండా 1/15కి పడిపోతుంది, ఆ అంకె మీద కన్నేసి ఉంచకపోతే తర్వాత తీరిగ్గా చూసుకున్నప్పుడు గానీ తెలియదు. అప్పుడు వచ్చే బ్లర్ రెండు రకాలు. ఫొటో మొత్తం అలికినట్టుంటే మీ చెయ్యి కదిలింది. గోడ, కుర్చీ స్పష్టంగా ఉండి మనిషి మాత్రమే అలికినట్టుంటే మనిషి కదిలాడు. మొదటిదానికి స్టెబిలైజేషన్, అంటే చేతి వణుకుని సర్దే ఏర్పాటు, సాయం చేస్తుంది, రెండోదానికి అది ఏమీ చేయలేదు. లెన్స్ మీద స్టెబిలైజేషన్ అని రాసి ఉంది కదా, పిల్లాడు పరిగెడుతుంటే ఎందుకు బ్లర్ వచ్చింది అని అడిగేవాళ్లు చాలామందే ఉన్నారు, కారణం ఇదే.

దీనికి మందు ఆటో ఐఎస్ఓ (ఐఎస్ఓని కెమెరానే ఎంచుకోవడం) మెనూలో ఉంది. అందులో కనీస షట్టర్ స్పీడ్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది, దాన్ని 1/125 దగ్గర పెట్టండి, పిల్లలు ఉంటే 1/250 చేయండి. వెలుగు తగ్గి షట్టర్ ఆ అంకె దాకా వచ్చాక కెమెరా ముందు ఐఎస్ఓ పెంచుతుంది, అది గరిష్ఠానికి చేరాకే షట్టర్‌ని ఇంకా తగ్గిస్తుంది. గరిష్ఠ ఐఎస్ఓ 6400 పెట్టుకోండి. ఐఎస్ఓ పెరిగితే గ్రెయిన్ (ఇసక చల్లినట్టు చుక్కలు) వస్తుందేమో అని భయపడి 800 దగ్గర ఆపేసేవాళ్లున్నారు. గ్రెయిన్ ఉన్న ఫొటోని తర్వాత సాఫ్ట్‌వేర్‌లో చాలావరకు శుభ్రం చేసుకోవచ్చు, కదిలిపోయిన ముఖాన్ని వెనక్కి తేవడం మాత్రం అంత తేలిక కాదు. కొన్ని తక్కువ శ్రేణి కెమెరాల్లో ఈ కనీస షట్టర్ సెట్టింగ్ ఉండదు, అప్పుడు మసక వెలుగులో ఐఎస్ఓని మీరే పెంచుకోవాలి, వేరే దారి లేదు.

షట్టర్ ప్రయారిటీ కూడా ఇదే తరహా, ఇందులో షట్టర్ స్పీడ్ మీరు పెడతారు, అపెర్చర్ కెమెరా చూసుకుంటుంది, ఒక్కటే మీ చేతిలో ఉంటుంది కాబట్టి నా తూకంలో దానికీ మంచి మార్కులే పడతాయి. మీరు ఎక్కువగా తీసేది ఆటలో, పక్షులో అయితే దానితోనే మొదలుపెట్టండి. పరిగెత్తే పిల్లలకి 1/500, ఎగిరే పక్షికి 1/1000 నుంచి 1/2000. అయితే వెలుగు చాలకపోతే లెన్స్ తెరుచుకోగలిగినంత తెరుచుకుని ఆగిపోతుంది, ఆటో ఐఎస్ఓ లేకపోతే ఫొటో నల్లగా వస్తుంది. ఇవి కొత్తవాళ్ల కోసం పెట్టిన తేలిక మోడ్‌లు అనుకునేవాళ్లకి ఒక సంగతి చెప్పాలి. 1976లో వచ్చిన కానన్ ఏఈ-1 షట్టర్ ప్రయారిటీతో వచ్చింది, మరుసటి ఏడాది మినోల్టా ఎక్స్‌డీ ఈ రెండు ప్రయారిటీలనూ ఒకే కెమెరాలో పెట్టింది. ఫిల్మ్ మీద పనిచేసినవాళ్లు వీటిని అప్పటినుంచే వాడుకున్నారు, ఎవరూ చిన్నతనం అనుకోలేదు.

‘పి’ మోడ్ అంటే కాస్త మాట వినే ఆటో, చక్రం తిప్పితే అపెర్చర్, షట్టర్ జంటగా మారతాయి. ఎవరి చేతికైనా కెమెరా ఇచ్చి మిమ్మల్ని తీయమనడానికి బాగుంటుంది. కొండ, పువ్వు, చంద్రుడి బొమ్మలున్న సీన్ మోడ్‌ల జోలికి వెళ్లకపోయినా నష్టం లేదు.

మరి మాన్యువల్ ఎప్పుడు? దానికి పనికొచ్చే చోట్లు కచ్చితంగా ఉన్నాయి, అక్కడ అది కష్టం కాదు, అన్నిటికన్నా తేలిక. వెలుగు మారకుండా వెనక దృశ్యం మాత్రం మారుతున్నప్పుడు, అంటే వేదిక మీద స్థిరమైన లైట్ కింద నర్తకి నల్ల తెర ముందు నుంచి తెల్ల తెర ముందుకి వెళ్తున్నప్పుడు, మీటర్ ప్రతిసారీ మనసు మార్చుకుంటుంది. అక్కడ ఒకసారి అంకెలు పెట్టేసి ఊరుకోవడమే మేలు. పనోరమా కోసం ఫ్రేమ్ తర్వాత ఫ్రేమ్ తీసేటప్పుడు, స్టూడియో ఫ్లాష్‌తో పనిచేసేటప్పుడు, రాత్రి నక్షత్రాలు తీసేటప్పుడు కూడా అంతే. నక్షత్రాలకి వెడల్పాటి లెన్స్ మీద ఎఫ్ 2.8, 15 సెకన్లు, ఐఎస్ఓ 3200 దగ్గర మొదలుపెట్టి అటూ ఇటూ సర్దుకోవచ్చు. రెండు మూడు నెలలు అపెర్చర్ ప్రయారిటీలో గడిపి వచ్చినవాళ్లకి ఈ అంకెలు చూడగానే ఫొటో ఎలా ఉంటుందో ఒక ఊహ వస్తుంది, అందుకే మాన్యువల్ వాళ్లకి ఒక మధ్యాహ్నంలో పట్టుబడుతుంది. కదలని వస్తువులని తీరిగ్గా తీసుకునేవాళ్లు, రోజూ పక్కనే కూర్చుని నేర్పే మనిషి ఉన్నవాళ్లు మాన్యువల్‌తోనే మొదలుపెట్టి బాగా నేర్చుకోగలరు, దాన్ని నేను కాదనను. అలాంటి వీలు అందరికీ ఉండదు.

మా తమ్ముడు మూడు వారాలుగా ‘ఏ’ మీదే ఉన్నాడు. మొన్న వాళ్ల కుక్క ఫొటోలు రెండు పంపాడు, ఒకటి చాలా బాగుంది, రెండోదాంట్లో ముఖం స్పష్టంగా ఉండి తోక మాత్రం పొగలా ఉంది. నేను ఏమన్నా అనేలోపే కింద వాడే రాశాడు: “అక్కా, ఇది 1/30కి పడిపోయింది, తోక ఊపింది. కనీస స్పీడ్ ఇప్పుడు 1/250 చేశాను.”