మిలటరీ క్యాంటీన్: ధర విషయంలో సంతృప్తి, స్టాకు విషయంలో అసంతృప్తి

నాన్నగారు సైన్యంలో పనిచేసి పదవీ విరమణ చేసినందువల్ల, మా ఇంటి నెలసరి సరుకుల్లో ఎక్కువ భాగం మిలటరీ క్యాంటీన్‌ నుంచే వస్తాయి. సబ్బులు, టీపొడి, నూనె, కుక్కర్ల వంటి వాటిపై బయటి ధరతో పోలిస్తే మిగులు స్పష్టంగా కనిపిస్తుంది. జీఎస్టీలో సగం మినహాయింపు లభించడం దీనికి ఒక ప్రధాన కారణం. సరుకు నాణ్యత గురించి ఇంతవరకు మాకు అనుమానం కలగలేదు.

ఇబ్బందంతా స్టాకుతోనే. నెలాఖరుకు వెళితే సగం అరలు ఖాళీగా ఉంటాయి. పల్లెల నుంచి బస్సెక్కి వచ్చిన వృద్ధ పెన్షనర్లు ఒకటి రెండు వస్తువులతో తిరిగి వెళ్లడం చూస్తే బాధ కలుగుతుంది. దీనికి కారణం తెలియాలంటే ఈ వ్యవస్థ నిర్మాణాన్ని చూడాలి. రక్షణ శాఖ ఆధ్వర్యంలో 1948లో ఏర్పడి, ముంబయి కేంద్రంగా పనిచేసే క్యాంటీన్ స్టోర్స్ డిపార్ట్‌మెంట్ కంపెనీల నుంచి టోకున కొని, సికింద్రాబాద్, విశాఖపట్నం వంటి చోట్ల ఉన్న ఏరియా డిపోలకు సరుకు చేరుస్తుంది. మనం బిల్లు కట్టే దుకాణం మాత్రం ఆ డిపార్ట్‌మెంట్ సొంతం కాదు. దానిని నడిపేది స్థానిక సైనిక యూనిటో, స్టేషన్ హెడ్‌క్వార్టర్సో. ఆ యూనిట్ తన నిధితోనే డిపోకు ఇండెంట్ (ఏ సరుకు ఎంత కావాలో తెలిపే ఆర్డరు) పెట్టి, సరుకు తెచ్చుకుంటుంది. లాభం ఆ యూనిట్ సంక్షేమానికి ఉపయోగపడుతుంది.

అందువల్ల కౌంటర్‌లో "స్టాకు లేదు" అన్నప్పుడు, డిపోలోనే లేదా, లేక ఇండెంటే పెట్టలేదా అని మర్యాదగా అడగడం అవసరం. ప్రతి వస్తువుకూ ఒక ఇండెక్స్ నంబరు ఉంటుంది. పాత బిల్లులో చూసి ఆ నంబరు చెబితే సిబ్బందికి వెతకడం తేలిక. వచ్చిన స్టాకు వివరాలను ఫోన్ సందేశంగా పంపితే ఎన్నో వృథా ప్రయాణాలు తప్పుతాయని నా గట్టి అభిప్రాయం.

కార్లు, ఫ్రిజ్‌ల వంటి పెద్ద వస్తువులకు 2021లో మొదలైన ఆన్‌లైన్ పోర్టల్ మెచ్చుకోదగినది. డీలర్ దగ్గర వస్తువు ఉన్నట్లు ధ్రువీకరణ తీసుకుని, డబ్బును క్యాంటీన్ స్టోర్స్ డిపార్ట్‌మెంట్‌కే చెల్లిస్తే, సప్లై ఆర్డర్ వస్తుంది. దానిని చూపి డీలర్ దగ్గర డెలివరీ తీసుకోవచ్చు. కారు కొనేవారు రిజిస్ట్రేషన్, బీమా ఖర్చులు ఎంతవుతాయో డీలర్‌ చేత ముందే రాయించుకోవడం మంచిది.