ఒర్వియెటో వెళ్తే ముందు భూమి కిందకి దిగండి: అండర్‌గ్రౌండ్ టూర్ రివ్యూ

రోమ్ నుంచి ఒక్కరోజులో వెళ్ళొచ్చే ఊరేదైనా చెప్పమంటే నేను ఇక నుంచి ఒర్వియెటో పేరే చెప్తా, అది కూడా పైనున్న పెద్ద చర్చి కోసం కాదు, ఊరి కింద చేయించే గైడెడ్ టూర్ కోసం. మొన్న అమ్మని తీసుకుని వెళ్ళొచ్చా, ఇంకా అదే తలపుల్లో ఉన్నా, అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నా.

ఊరు ఇటలీ మధ్యలో ఉంబ్రియా అనే ప్రాంతంలో ఉంది, రైలు దిగగానే తలెత్తి చూస్తే నిటారుగా కోసేసినట్టున్న రాతి గట్టు, దాని నెత్తి మీద ఊరు. స్టేషన్ ఎదురుగానే ఫ్యునిక్యులర్, అంటే తాడుతో గట్టు మీదకి లాగే చిన్న రైలు, ఎక్కితే రెండు నిమిషాల్లో పైకి తీసుకెళ్తుంది. 1888లో మొదలుపెట్టినప్పుడు అది నీళ్ళ బరువుతో నడిచేదట, పై పెట్టెలో నీళ్ళు నింపితే ఆ బరువుకి అది కిందకి దిగుతూ కింద పెట్టెని పైకి లాగేది, మధ్యలో చాలా ఏళ్ళు మూతపడి 1990లో కరెంటుతో మళ్ళీ మొదలైంది.

టూర్ చర్చి ఎదురుగా ఉన్న చౌరస్తా నుంచే బయలుదేరుతుంది, దాదాపు గంటసేపు, ఇంగ్లీషులో కూడా ఉంటుంది. ఈ గట్టు అంతా టఫ్ అనే రాయి, ఎప్పుడో అగ్నిపర్వతం కక్కిన బూడిద గట్టిపడి అయ్యింది, ఉలి పెడితే దిగిపోయేంత మెత్తన. అందుకే రెండున్నర వేల ఏళ్ళ నుంచి జనం తవ్వుతూనే ఉన్నారు, ఇప్పటికి గుర్తించిన గుహలే దాదాపు 1200. ఊరు పైన ఎంత ఉందో కింద కూడా అంత ఉందా అనిపిస్తుంది.

లోపల మొదటి పెద్ద గదిలోకి వెళ్ళగానే గుండ్రటి పెద్ద రాళ్ళు కనిపించాయి, గైడ్ ఇంకా నోరు తెరవకముందే అమ్మ నా చెయ్యి పట్టుకుని "ఏరా, ఇది గానుగ కదరా" అంది. నిజంగానే ఆలివ్ నూనె గానుగ, గాడిదల్ని కట్టి తిప్పేవాళ్ళట. చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో ఎద్దుని కట్టి నువ్వుల నూనె ఆడించడం చూసిన మనిషి, ఆ రాయి మీద చెయ్యి వెయ్యొచ్చా అని నా చేత అడిగించింది. వద్దన్నారు, కానీ ఆ గైడ్ ఆ తర్వాత ప్రతి మాటా అమ్మ వైపు చూసి మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది, అది నాకు చాలా నచ్చింది.

ఆ తర్వాత గోడ నిండా చిన్న చిన్న చదరపు గూళ్ళు, వరసలు వరసలుగా. పావురాల కోసమట, ఊరిని శత్రువులు చుట్టుముట్టినా పావురాలు ఎగిరెళ్ళి తిండీ నీళ్ళూ అవే వెతుక్కుని గూటికొస్తాయి, లోపలున్న మనుషులకి మాంసం దొరుకుతుంది! ఇప్పటికీ అక్కడి హోటళ్ళ మెనూల్లో పావురం కనిపిస్తుంది.

కానీ నాకు అన్నిటికంటే గట్టిగా తగిలింది రోమన్ల కంటే ముందు ఇక్కడున్న ఎట్రుస్కన్లనే జనం తవ్విన బావి. మనిషి ఒక్కడు పట్టేంత ఇరుకు, నిటారుగా కిందకి పోతుంది, రెండు వైపులా గోడకి కాలు పెట్టుకోడానికి చిన్న గుంటలు చెక్కి ఉన్నాయి, అవి పట్టుకునే దిగుతూ తవ్వారన్నమాట. గైడ్ టార్చ్ వేస్తే వెలుగు అడుగు దాకా పోలేదు. గట్టు మీద ఊరు అంటే శత్రువు రాడు సరే, నీళ్ళు కూడా రావు. ఈ ఊరి కథంతా ఆ ఒక్క ముక్కలో ఉంది. ఎట్రుస్కన్ల వెల్జ్నా అనే నగరం ఇదేనని చాలామంది చరిత్రకారుల మాట, క్రీ.పూ. 264లో రోమన్లు దాన్ని నేలమట్టం చేసి మిగిలిన జనాన్ని బొల్సేనా సరస్సు దగ్గరకి తరిమేశారు.

టూర్ అయ్యాక ఫ్యునిక్యులర్ పై స్టేషన్ పక్కనే ఉన్న సాన్ పాత్రిజియో బావి తప్పకుండా చూడండి, టికెట్ వేరే. 1527లో సైన్యాలు రోమ్‌ని దోచుకున్నప్పుడు పోప్ ఏడవ క్లెమెంట్ పారిపోయి ఇక్కడికే వచ్చాడు, ఊరిని ముట్టడిస్తే నీళ్ళు ఎలా అన్న భయంతో ఆంటోనియో ద సంగాల్లో (జూనియర్) అనే వాస్తుశిల్పి చేత తవ్వించడం మొదలుపెట్టాడు. పూర్తయ్యేసరికి 1537, అప్పటికి ఆ పోప్ పోయి మూడేళ్ళు. 50 మీటర్ల పైన లోతు, 248 మెట్లు, చుట్టూ 70 కిటికీలు, అసలు గొప్పతనం ఏంటంటే మెట్ల దారులు రెండు, ఒకదాని మీద ఒకటి మెలి తిరుగుతూ ఎక్కడా కలవవు. ఖాళీ కంచర గాడిదలు ఒక దారిలో దిగి, అడుగున చిన్న వంతెన దాటి, నీళ్ళతో రెండో దారిలో ఎక్కేవి, ఎదురెదురు పడే పనే లేదు. గాడిద అడుగుకి తగ్గట్టు మెట్లు వెడల్పుగా, ఎత్తు తక్కువగా ఉండటం వల్ల అమ్మ మోకాళ్ళు కూడా తట్టుకున్నాయి, నాలుగు చోట్ల ఆగి ఎక్కింది అంతే.

చర్చి బాగుంటుంది, 1290లో మొదలుపెట్టారు, లోపల సిన్యొరెల్లి అనే చిత్రకారుడి గోడబొమ్మలు చూసి తీరాలి, దాని గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి వదిలేస్తున్నా. భోజనం విషయంలో మాత్రం జాగ్రత్త, చౌరస్తా మీదే ఒక చోట కూర్చుని చల్లారిపోయిన పాస్తాకి ఎక్కువ డబ్బు కట్టాం, మాంసం వద్దని రెండుసార్లు చెప్పినా ముక్కలు వచ్చాయి, అమ్మ బ్రెడ్ తిని లేచింది. సాయంత్రం పక్క సందులో చిన్న చోట ఉంబ్రికెల్లి అని లావుపాటి చేత్తో చేసిన పాస్తా ఉత్త టమాటా వెల్లుల్లితో చేసి ఇచ్చారు, అమ్మ రెండోసారి అడిగింది.

అండర్‌గ్రౌండ్ టూర్‌కి ఐదుకి ఐదు. ఒకచోట దారి బాగా ఇరుకు, ఇరుకు భయం ఉన్నవాళ్ళు ముందే గైడ్‌కి చెప్పండి. ఎండాకాలమైనా స్వెటర్ పెట్టుకోండి, కింద చల్లగా ఉంటుంది, అమ్మ నా జాకెట్ వేసుకునే తిరిగింది.