నాలుగు పెన్సిల్ సెల్లుల మీద బాస్ జీటీ-1

బాస్ జీటీ-1 అంటే గిటారు సౌండుని రకరకాలుగా మార్చే, కాలితో తొక్కే పెడల్. ఇందులో ఎన్ని ఎఫెక్టులున్నాయి, ఎన్ని ప్యాచ్‌లు (సెట్ చేసి పెట్టుకున్న సౌండ్లు) దాచుకోవచ్చు అన్నది ఎక్కడ వెతికినా దొరుకుతుంది. వాటి జోలికి పోను. కొన్నేళ్ళుగా ఆర్కెస్ట్రాలో దీన్నే తొక్కుతున్నాను. నాకు దీని మీదున్న ప్రేమంతా అడుగున పెన్సిల్ సెల్లులు వేసే ఆ చిన్న గది మీదే.

నవ్వకండి. మేం వాయించేది చవితి పందిళ్ళలో, తీర్థాల్లో, పెళ్ళి రిసెప్షన్లలో. అక్కడ కరెంటు ఎక్కణ్ణుంచి లాగారో లాగినవాడికి తప్ప ఇంకెవరికీ తెలీదు.

కోనసీమలో ఒక చవితి పందిరి. సాయంత్రం చెకింగ్‌లో సౌండు శుభ్రంగా ఉంది. చీకటి పడ్డాక సీరియల్ సెట్లు వేశారు, మైక్ సెట్‌ని జనరేటర్ మీదికి మార్చారు. అంతే, రెండు వైపులా బాక్సుల్లోంచి గుయ్‌మని ఒకటే మోత. కీబోర్డ్ వాయించే అన్నయ్య నావైపు చూసి, "తమ్ముడూ, అది నీ లైనేనా?" అన్నాడు. మైక్ సెట్ అబ్బాయి ఇంకో అడుగు ముందుకేసి, "గిటారు తీసేద్దాం సార్, కీబోర్డులో కొట్టేస్తారు కదా" అన్నాడు. ఎదురుగా జనం, కమిటీవాళ్ళు మొదలెట్టమని తొందర. జాక్ వైరు మార్చాం, మిక్సర్‌లో ఛానెల్ మార్చాం. మోత మాత్రం తగ్గలేదు.

చిరాకేసి ఎడాప్టర్ పిన్ను లాగేశాను. కొత్తలో వేసిన ఆల్కలైన్ సెల్లులు లోపలే ఉన్నాయి. పెడల్ వెలుగుతూనే ఉంది, మోత ఆగిపోయింది! మిక్సరేమో జనరేటర్ మీద, నా ఎడాప్టరేమో పక్కింటి మీటర్ నుంచి వచ్చిన ప్లగ్గులో. ఆ రెంటికీ మధ్య ఉన్న తేడా అంతా నా జాక్ వైరు మీదుగా పోతోందన్నమాట. సెల్లుల మీద నడిచే పెడల్‌కి కరెంటు లైనుతో సంబంధమే లేదు కాబట్టి ఆ దారి తెగిపోయింది. ఆ రాత్రి ఆఖరి పాట దాకా సెల్లుల మీదే వాయించాను. అప్పట్నుంచి స్టేజీ మీద ఎడాప్టర్ బయటికి తియ్యడమే మానేశాను. కావాలనుకుంటే విడిగా కొనుక్కోవాల్సింది అదొకటి; తొమ్మిది వోల్టులది, మధ్య పిన్ను నెగెటివ్ ఉండాలి. ఎల్‌ఈడీ లైట్లకి వాడేది దొరికింది కదా అని గుచ్చొద్దు.

సెల్లులతో మోతలన్నీ పోతాయని మాత్రం అనుకోవద్దు. నా గిటారులో తీగల కదలికని పట్టుకునే పికప్‌లు సింగిల్ కాయిల్ రకం. లైట్ల నుంచి అవి పట్టుకునే బర్రుమనే శబ్దం అలాగే ఉంటుంది. కాస్త పక్కకి తిరిగి నిలబడితే తగ్గుతుంది. మిగిలింది పెడల్ లోపలున్న నాయిస్ సప్రెసర్ (అక్కర్లేని శబ్దాన్ని మూసేది) చూసుకోవాలి. థ్రెషోల్డ్ (ఎంతకన్నా చిన్న శబ్దాన్ని మూసెయ్యాలన్న హద్దు) ఎక్కువ పెట్టామా, మెలొడీ బిట్‌లో సాగాల్సిన స్వరం గమకం మధ్యలో పుటుక్కున తెగుతుంది. రిలీజ్ (ఎంత నెమ్మదిగా మూసుకోవాలన్నది) పెంచి, థ్రెషోల్డ్ బాగా దించి పెట్టుకున్నాను. కొంచెం శబ్దం మిగిలినా పర్లేదు, పాట తెగకూడదు.

సెల్లులు ఏడు గంటలు వస్తాయని కంపెనీ చెప్పే మాట ఆల్కలైన్ సెల్లులకే. గోడ గడియారానికి వేసే మామూలు సెల్లులు దీని ముందు నిలవవు. పవర్ స్విచ్ కూడా లేదు, ఇన్‌పుట్‌లో జాక్ గుచ్చితే అదే ఆన్. టీకి దిగేటప్పుడు జాక్ పీకకపోతే సెల్లులు ఊరికే కరిగిపోతాయి. పీకేముందు మిక్సర్ దగ్గర ఛానెల్ మూయించాలి, లేదంటే బాక్సులు ఢమాల్‌మంటాయి. ప్రతి ప్రోగ్రాముకీ కొత్త సెట్టు వేసుకుంటే డబ్బులు బానే అవుతాయి. సగం వాడినవి ఇంట్లో ప్రాక్టీసుకి పనికొస్తాయి.

నేర్చుకోవడంలో నాకు ఎక్కువ ఉపయోగపడింది అవుట్‌పుట్ సెలెక్ట్, అంటే పెడల్‌ని దేనికి తగిలిస్తున్నామో చెప్పే సెట్టింగ్. మిక్సర్‌లోకి వెళ్ళేటప్పుడు లైన్/ఫోన్స్, ఆంప్‌లోకి వెళ్ళేటప్పుడు ఆ ఆంప్‌కి దగ్గరగా ఉన్నది. హెడ్‌ఫోన్స్‌లో తియ్యగా వినిపించిన రివర్బ్ (ప్రతిధ్వని ఎఫెక్టు) పందిట్లో బురదైపోతుంది. గెయిన్ (సౌండులో బరక), రివర్బ్ తగ్గించి మిడ్ (మధ్య స్థాయి శబ్దం) పెంచితేనే కీబోర్డు, ప్యాడ్స్ మధ్య గిటారు వినబడుతుంది. ప్యాచ్‌లన్నీ పాటల వరసలో సర్దుకుని, మనకి కావాల్సిన పని అప్పజెప్పుకునే సీటీఎల్ పెడల్‌ని సోలోలో సౌండు పెంచే బూస్ట్‌కి ఇచ్చాను. సింగర్ ఉన్నట్టుండి వరస మార్చి ఇంకో పాట అందుకుంటే మాత్రం ప్యాచ్‌లు ఒక్కోటీ తొక్కుకుంటూ వెళ్ళాలి, అప్పుడు టెన్షనే.

నాది సినిమా పాటల బండి, బైకు మీద బ్యాగులో పట్టాలి, కరెంటు మీద నమ్మకం లేదు. అందుకే నాకు కుదిరింది. ఇంట్లో కూర్చుని రికార్డింగ్ చేసుకునేవాళ్ళకి ఈ సెల్లుల గొడవే పట్టదు, వాళ్ళు పెద్ద స్క్రీన్, ఎక్కువ పెడళ్ళు ఉన్నవి కూడా చూసుకుని తేల్చుకోవచ్చు. మెటల్ రాక్ సంగీతం వాయించేవాళ్ళకి ఇందులో డిస్టార్షన్ (సౌండుని బరకగా చేసే ఎఫెక్టు) సరిపోతుందో లేదో వాళ్ళనే అడగండి. మా పందిట్లో ఆ అవసరం ఇంతవరకూ రాలేదు.