నెలల తరబడి నిలిచే కారుకు టైరు పీటలు: చాలాకాలం వాడాక నా మాట

మా కారు ఏటా కొన్ని నెలలు కదలకుండా ఉండాల్సి వస్తుంది. అందుకని టైర్ల కింద పెట్టే వంపు పీటలు తీసుకున్నాను. ఏళ్ల తరబడి వాడాను కాబట్టి అవి ఏం చేస్తాయో, ఏం చేయలేవో చెప్పగలను.

కారు బరువంతా ఒక్కో టైరు అడుగున అరచేయంత చోటు మీదే ఆనుతుంది. కదలిక లేకుండా ఉంటే అక్కడి రబ్బరు, లోపలి నైలాన్ పొరలు అణగిన ఆకారానికే బిగుసుకుంటాయి. తిరిగి నడిపినప్పుడు స్టీరింగులో తెలిసే దడదడకు కారణం ఇదే. కొద్ది రోజుల అణుగుడైతే కాసేపు నడిపి టైరు వేడెక్కగానే సర్దుకుంటుంది. నెలలు గడిస్తే, అందులోనూ చలికి తోడు గాలి తగ్గితే, శాశ్వతంగా ఉండిపోవచ్చు. పక్కగోడ ఎత్తు తక్కువగా ఉన్న వెడల్పు టైర్లకు ఈ బెడద ఎక్కువ.

పీట పైభాగం టైరు గుండ్రదనానికి తగ్గట్టు లోపలికి వంగి ఉంటుంది. బరువు చిన్న చోట కాకుండా ఆ వంపు పొడవునా పరుచుకుంటుంది. ఈ పనిలో వీటికి పూర్తి మార్కులు వేస్తాను. ఇవి లేని రోజుల్లో కారు బయటికి తీసిన ప్రతిసారీ మొదటి కొన్ని కిలోమీటర్లు వణుకుతూ సాగేది. ఇప్పుడు ఆ వణుకు లేదు.

ఎక్కించడమే కాస్త ఓపిక అడిగే పని. నున్నటి నేల మీద టైరు అంచుకు తగలగానే పీట ముందుకు జారిపోతుంది. కింద గరుకైన రబ్బరు చాప పరిచాక ఆ ఇబ్బంది తప్పింది. పక్కన ఒక మనిషి నిలబడి చూస్తుంటే, మొదటి గేరులో మెల్లగా పోనివ్వాలి. టైరు వంపులోకి దిగిన క్షణం కారు చిన్నగా ఊగి నిలుస్తుంది, అక్కడే ఆపేయాలి. హ్యాండ్ బ్రేకు వేసి ఉంచవద్దు, నెలల తర్వాత బ్రేకు పట్టేసి వదలకపోవచ్చు. గేరులో ఉంచి, చక్రాలకు అడ్డు పెడితే చాలు. కొనేటప్పుడు పీట టైరు కన్నా వెడల్పుగా ఉందా, కారు బరువు మోస్తుందా అన్నది తప్పక చూడండి. ఇరుకు పీట అంచు రబ్బరును నొక్కుతుంది.

ఇక ఇవి చేయలేనివి. నిలిచిన టైరులోనూ నెలకు సుమారు 1 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) గాలి తగ్గుతుంది, చలి పెరిగితే ఇంకాస్త. నేను మామూలు కన్నా కొద్దిగా ఎక్కువ గాలి పట్టిస్తాను, టైరు మీద ముద్రించిన గరిష్ఠాన్ని మాత్రం దాటను. పీట ఉందని గాలి మీటరు పక్కన పెట్టేస్తే పీటకు పెట్టిన డబ్బు దండగే.

రబ్బరు ఎండి పగలడాన్నీ పీట ఆపలేదు. టైరులో కలిపిన రక్షక మైనం చక్రం తిరుగుతూ రబ్బరు వంగినప్పుడే సరిగా పైకి వస్తుంది, నిలిచిన టైరుకు ఆ అవకాశం ఉండదు. ఎండ, గాలిలోని ఓజోన్ వాయువు కలిస్తే రిమ్ము దగ్గర వెంట్రుకంత బీటలు మొదలవుతాయి. అందుకే టైర్లను సబ్బు నీటితో కడిగి, ఆరాక ముదురు రంగు గుడ్డ కప్పుతాను. మెరుపు కోసం పూసే పెట్రోలియం నూనెలు దగ్గరికి రానివ్వను. వెల్డింగు యంత్రాలు, విద్యుత్ మోటార్లు నడిచే చోట కారు పెట్టకపోవడం మంచిది, అవి ఓజోన్ పుట్టిస్తాయి.

కొన్ని వారాలకోసారి కారును ముందుకో వెనక్కో జరిపే మనిషి ఉంటే పీటలు కొననక్కర్లేదు. ఎవరూ లేకపోతే కొనండి, కారును పైకెత్తి నిలిపి ఉంచే జాకీ స్టాండ్ల కన్నా నాకు ఇవే నచ్చాయి. స్టాండ్లను చట్రం కింద పెడితే సస్పెన్షన్, అంటే చక్రాలను పట్టి ఉంచే స్ప్రింగుల అమరిక, నెలల పాటు వేలాడుతుంది.

బయటికి తీసే రోజు డ్రైవరు తలుపు దగ్గరి పట్టీలో ఉన్న అంకెకు గాలి తగ్గించి, టార్చి వేసి పక్కగోడలు చూస్తాను. అక్కడే తయారీ తేదీ కూడా ఉంటుంది: 2319 అంటే 2019లో 23వ వారం. పదేళ్లు దాటిన టైరు ఎంత కొత్తగా కనిపించినా మార్చేస్తాను.