చంద్రగిరా, కాళహస్తా? చేతిలో ఒక్క పూట ఉంటే ఏది మేలు?

కొండ మీద దర్శనం అయిపోయి, రైలుకు ఇంకా ఒక పూట ఉందనుకోండి. తిరుపతికి పడమరగా 13 కిలోమీటర్లలో చంద్రగిరి, ఈశాన్యంగా సుమారు 37 కిలోమీటర్లలో శ్రీకాళహస్తి. రెండూ స్వర్ణముఖిని అంటిపెట్టుకున్న పాత ఊళ్లే. ఒక్క పూటే ఉంటే చంద్రగిరికి పోండి, పూర్తి రోజు ఉంటే కాళహస్తికి. రాహుకేతు పూజ కోసం వచ్చినవాళ్లకు మాత్రం ఈ లెక్కతో పనిలేదు, వాళ్లు పోవాల్సింది కాళహస్తికే.

ఏటిని చూడాలని బయలుదేరేవాళ్లకు ముందే ఒక మాట. ఏడాదిలో ఎక్కువ నెలలు స్వర్ణముఖిలో కనిపించేది ఇసుకే. నీళ్లు రావాలంటే ఈశాన్య రుతుపవనాలు పడాలి, అంటే నవంబరు, డిసెంబరు. అప్పుడు కూడా వాయుగుండం హెచ్చరిక ఉన్న వారం వద్దు. 2021 నవంబరు వానలకు ఈ ఏరు ఎలా పొంగిందో తిరుపతి వాళ్లనడిగితే చెబుతారు. చంద్రగిరి కోటకు పోయేవాళ్లకు ఏరు పెద్దగా తగలదు. కాళహస్తిలో అలా కాదు, గుడి పడమటి గోడ పక్కనే ఉత్తరానికి తిరిగి పారుతుంది. ఉత్తరవాహిని అని దానికి అంత పేరు అందుకే. ఏటి విషయంలో కాళహస్తిదే పైచేయి.

చరిత్రకైతే చంద్రగిరి. యాదవరాయల నాటి కోట ఇది, తర్వాత సాళువ నరసింహుడి చేతికొచ్చింది. తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజుల రాజధాని పెనుకొండకు పోయి, 1592లో రెండో వెంకటపతిరాయల కాలంలో ఇక్కడికి చేరింది. 1639లో ఈస్టిండియా కంపెనీకి మద్రాసులో నేల దక్కింది ఈ రాజుల ఏలుబడిలోనే. 1646లో కోట గోల్కొండ వశమైంది. ఇప్పుడు చూసేది ముఖ్యంగా రెండు మేడలు. రాజమహల్‌కు మూడు అంతస్తులు, రాణీమహల్‌కు రెండు. రాజమహల్‌ను కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతోనే కట్టారు. లోపలికి పోయినప్పుడు తల పైకెత్తి కప్పును చూడండి, ఆ పనితనం తెలుస్తుంది. పురావస్తు శాఖ మ్యూజియం ఉన్నదీ ఇందులోనే.

ఇక్కడ జనం ఎక్కువగా పొరబడేది వారం విషయంలో. మ్యూజియానికి శుక్రవారం సెలవు. శుక్రవారం పోయి బయట తోటలో తిరిగి వచ్చేవాళ్లు బోలెడు. రెండో పొరపాటు మిట్టమధ్యాహ్నం పోవడం. ఏప్రిల్, మే నెలల్లో ఆ రాళ్ల మధ్య నడక చాలా కష్టం. పొద్దున తెరిచే వేళకు పోతే రెండు గంటల్లో తీరిగ్గా చూసి రావచ్చు. పై దుర్గం ఎక్కాలనుంటే సిబ్బందిని అడిగాకే అడుగేయండి. సాయంత్రం సౌండ్ అండ్ లైట్ షో ఆరుబయట కాబట్టి వాన రోజుల్లో దాన్ని నమ్ముకోవద్దు. చిత్తూరు వైపు పోయే బస్సెక్కి చంద్రగిరిలో దిగితే, కోట దాకా ఆటోనే.

కాళహస్తి రెండు గంటల్లో తెమిలే ఊరు కాదు. రాహుకేతు పూజ టికెట్లు 500 రూపాయల నుంచి మొదలై వేలల్లోకి పోతాయి. పూజ అదే, టికెట్ పెరిగే కొద్దీ కూర్చునే చోటు గర్భగుడికి దగ్గరవుతుంది. సామగ్రి, నాగపడగలు టికెట్‌తోనే ఇస్తారు, బయట ఎవరు ఎంత పిలిచినా కొనక్కర్లేదు. పూజకు అరగంట నుంచి ముప్పావుగంట పడుతుంది, ఆపైన దర్శనం క్యూ. రద్దీ అంతా రాహుకాలంలోనే. ఆదివారం సాయంత్రం 4.30 నుంచి 6 దాకా, మంగళవారం 3 నుంచి 4.30 దాకా మరీ ఎక్కువ. ఆ వేళే కావాలన్న పట్టింపు లేకపోతే పొద్దున్నే పోవడం సుఖం. ఫోను లోపలికి రానివ్వరు. పాతాళ గణపతి దగ్గర మెట్లు ఇరుకు, లోతు 30 అడుగుల పైనే. ఊపిరాడని ఇబ్బంది ఉన్నవాళ్లు పైనుంచే దండం పెట్టుకుంటే మంచిది. ఇక పెద్ద గాలిగోపురం: 1516లో కృష్ణదేవరాయలు కట్టించింది 2010 మేలో కూలిపోయింది. ఇప్పుడున్నది 2017లో పూర్తయింది, దాని ముందు నిలబడి పిల్లలకు రాయలవారి కథ చెప్పేవాళ్లు ఆ సంగతి కూడా చెప్పాలి.

కాళహస్తికి పూర్తి రోజు ఇమ్మనడానికి అసలు కారణం గుడ్డ మీద బొమ్మలు వేసే కలంకారీ. కృష్ణా జిల్లా పెడనలో అచ్చులతో అద్దుతారు, ఇక్కడ కలంతో గీస్తారు. వెదురు పుల్లకు గుడ్డ చుట్టి, దారంతో బిగించి, దాన్ని నొక్కుతూ రంగు వదులుతారు. గుడ్డను ముందుగా కరక్కాయ, గేదెపాలలో నానబెడతారు. పాలలోని కొవ్వు వల్లే గీసిన రంగు పక్కకు పాకదు. నల్ల గీతకు తుప్పుపట్టిన ఇనుము, బెల్లం కలిపి రోజుల తరబడి పులియబెట్టిన నీళ్లు. ఎరుపు పట్టడానికి పటిక. ఉతుకు పారే నీళ్లలోనే బాగా కుదురుతుంది, నిలవ నీళ్లలో వదిలిన రంగు తెల్ల చోట్లకు అంటుకుంటుంది. ఈ పని ఏటి ఒడ్డున పెరగడానికి అదీ ఒక కారణం. కొనేటప్పుడు ఒకే బొమ్మ రెండు చోట్ల ఉంటే రెంటినీ పోల్చి చూడండి. గీత మందం అచ్చం ఒకేలా ఉంటే అది చేతి పని కాదు. కడ్డీ గీసినట్టు ఎక్కడా వణకని గీతను కూడా అనుమానించాల్సిందే.

రెండూ చూడాలనుంటే వరస తప్పొద్దు. కాళహస్తి దర్శనం తర్వాత ఇంకో గుడికి పోకుండా నేరుగా ఇల్లు చేరాలన్నది ఇక్కడివాళ్ల పట్టింపు. అందుకని పొద్దున చంద్రగిరి, దారిలోనే ఉన్న శ్రీనివాసమంగాపురం, తిరుపతి మీదుగా రేణిగుంట, పాపానాయుడుపేట దగ్గర పక్కకు తిరిగి గుడిమల్లం, చివరికి కాళహస్తి. గుడిమల్లం లింగం క్రీస్తుకు పూర్వం నాటిదని పండితులు చాలామంది చెబుతారు, దాన్ని వదిలేసి పోవడం అన్యాయం. ఇంటికి పోయే రైలు గూడూరు వైపుదైతే తిరుపతికి వెనక్కి రానక్కర్లేదు, కాళహస్తి స్టేషన్‌లోనే ఎక్కొచ్చు. ఆ రైలు అక్కడ ఆగుతుందో లేదో మాత్రం ముందే చూసుకోండి.